ఉద్యోగంలో ఎదురుదెబ్బ - విశ్వాసం నేర్పే ఓర్పు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసులో తీసుకున్న నిర్ణయం ఆఫీసులోనే ఉండిపోదు. సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తీరులోనే మనకి తెలిసిపోతుంది, ఇవ్వాళ ఏదో జరిగిందని. కాఫీ చేతికిచ్చి "ఏమిటండీ అలా ఉన్నారు?" అంటే, "ఏం లేదు" అంటారు. రాత్రి భోజనాల దగ్గర గానీ బయటపడదు. బదిలీ ఆర్డరు వచ్చిందనో, ప్రమోషన్ల జాబితాలో పేరు లేదనో, నిన్నటిదాకా తన కింద పని నేర్చుకున్న కుర్రవాడు రేపటి నుంచి తనకే పై అధికారి అనో తెలుస్తుంది. ఈ రోజుల్లో అయితే కాగితం మీద ఆర్డరు కూడా రావటం లేదు. పొద్దున్నే కంప్యూటరు తెరిస్తే ఒక ఈమెయిలు ఉంటుంది. మీ సేవలు ఇక అవసరం లేదని నాలుగు వాక్యాల్లో చెప్పేస్తారు. పదేళ్ళ చాకిరీకి నాలుగు వాక్యాలు!

ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఈ బాధ రెండింతలు. పిల్లవాడు పదో తరగతిలో ఉండగా దూరపు బడికి బదిలీ అయిన టీచరు, ప్రసవం సెలవు నుంచి తిరిగొచ్చేసరికి తన సీటు ఇంకొకరికి ఇచ్చేసి ఉండటం చూసిన గుమాస్తా, ఇంటి నుంచి చేసుకునే పనిని ఒక్క సర్క్యులరుతో తీసేస్తే అత్తగారిని ఎవరు చూసుకోవాలో తెలియని కోడలు - వీళ్ళందరూ మీలో ఉన్నారు. మీరు కాకపోతే మీ పక్కింట్లో ఉన్నారు.

ఇలాంటప్పుడు క్రైస్తవ విశ్వాసం ఏం చెబుతుంది? ఈ మాట ముఖ్యంగా క్రైస్తవ సోదరీమణుల కోసమే చెబుతున్నాను. అయినా బాధ అందరిదీ ఒక్కటే గనక మిగతావారు కూడా వినవచ్చును.

మన ఇళ్ళల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. ఎవరికి ఏ కష్టం వచ్చినా, పలకరించటానికి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని, "అంతా దేవుని చిత్తం అమ్మా" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ విన్నవాళ్ళకి అది ఓదార్పుగా ఉండదు. ఎవరో బంధుప్రీతితో చేసిన పనిని తీసుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టినట్టు ఉంటుంది. ఆర్డరు మీద ఉన్నది పై అధికారి సంతకం. అది దేవుడి సంతకం కాదు. ఆ నిర్ణయం సరైనదే కావచ్చు, తొందరపాటు కావచ్చు, పక్షపాతమే కావచ్చు. మనుషులు చేసింది మనుషులు చేశారనే అనుకోవాలి. అయితే ఆ నిర్ణయం మన మీద పడ్డాక, మనం ఏమైపోతాం, ఎలాంటి మనుషులుగా మిగులుతాం అనేది మాత్రం దేవునికీ మనకీ మధ్య విషయం. ఓర్చుకోవటం అంటే "వాళ్ళు చేసింది న్యాయమే" అని ఒప్పుకోవటం కాదని ముందుగా గుర్తుపెట్టుకుందాం.

రెండో సంగతి. ఓర్చుకోవటానికి ముందు అడగటం ఉంది. గెత్సేమనే తోటలో ప్రభువు ఏం చేశాడో చూడండి. నోరు మూసుకుని తలవంచేయలేదు. ఎదురుగా ఉన్న ఆ శ్రమ తప్పిపోయే దారి ఉంటే తప్పించమని తండ్రిని అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు. అడుగుతూనే నీ ఇష్టప్రకారమే కానివ్వమన్నాడు. మనం ఆ మాటని మాత్రమే పట్టుకుని, అడిగిన మూడుసార్లని వదిలేస్తుంటాం. కుమారుడే అడిగినప్పుడు, మనం ఒక అర్జీ పెట్టుకోవటంలో అవిశ్వాసం ఏముంది? సీనియారిటీ లెక్కలో పొరపాటు ఉంటే చూపించండి. బదిలీ వల్ల వచ్చే ఇబ్బందిని మర్యాదగా కాగితం మీద రాసి ఇవ్వండి. అడిగే హక్కు ఉన్నచోట అడగకపోవటం భక్తి కాదు.

సంఖ్యాకాండంలో ఐదుగురు అక్కచెల్లెళ్ళ కథ ఉంది. సెలోపెహాదు కుమార్తెలు వాళ్ళు. తండ్రి చనిపోయాడు, కొడుకులు లేరు. భూమి పంచేటప్పుడు ఆ ఇంటికి వాటా లేకుండా పోయే పరిస్థితి. వాళ్ళు ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి వెళ్ళి, మోషే ఎదుటా, యాజకుడి ఎదుటా, పెద్దలందరి ఎదుటా నిలబడి, మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలని అడిగారు. మోషే ఆ వ్యాజ్యాన్ని దేవుని ముందు పెట్టాడు. ఆ ఆడపిల్లలు చెప్పింది సరిగ్గానే ఉందని దేవుడే తీర్పు ఇచ్చాడు. అంతేకాదు, ఆ తీర్పు తరువాత అందరికీ చట్టమైంది. ఆలోచించండి, వాళ్ళు "మన ప్రాప్తం ఇంతే" అని ఊరుకుని ఉంటే?

మూడో సంగతి ఇంకా ముఖ్యమైనది. కొన్ని నిర్ణయాలకి ఓర్చుకోకూడదు. ఐగుప్తులో షిఫ్రా, పూయా అని ఇద్దరు మంత్రసానులు ఉండేవారు. హెబ్రీయుల ఇళ్ళల్లో మగపిల్లవాడు పుడితే చంపేయమని రాజు ఆజ్ఞ. అదీ ఒక రకంగా పై అధికారి ఆర్డరే. వాళ్ళు చెయ్యలేదు. దేవునికి భయపడ్డారు గనక రాజుకి భయపడలేదు. తప్పుడు లెక్క మీద సంతకం పెట్టమన్నా, ఇంకొకరి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పమన్నా మనకి దారి చూపేది వీళ్ళిద్దరే. పౌలు కూడా ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసినవాళ్ళు, తెల్లవారి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపొమ్మంటే ఒప్పుకోలేదు. అధికారులే స్వయంగా రావాలన్నాడు. వచ్చారు కూడా.

అలాగే పనిచేసే చోట ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే, దాన్ని "సిలువ మోయటం" అనుకుని మౌనంగా భరించమని ఏ విశ్వాసమూ చెప్పదు. దీనికోసం 2013లో ఒక చట్టం వచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా యజమాని ఒక అంతర్గత కమిటీని పెట్టాలి. దానికి అధ్యక్షురాలు స్త్రీయే అయి ఉండాలి. జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు ఇవ్వగలదు. పదిమంది కంటే తక్కువ మంది ఉన్నచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. ఈ సంగతి మీ అమ్మాయిలకీ, కోడళ్ళకీ, మీ ఇంట్లో పనిచేసే మనిషికీ చెప్పండి.

సరే, అడగవలసింది అడిగాం. ఎదిరించవలసిన పాపం అందులో లేదు. అయినా జవాబు "కుదరదు" అనే వచ్చింది. అప్పుడు? ఓర్పు అసలైన పని మొదలయ్యేది ఇక్కడే.

గుంటూరు వైపు వాళ్ళకి కుగ్లర్ ఆసుపత్రి పేరు తెలియకుండా ఉండదు. ఆ పేరుగల డాక్టరు అన్నా సారా కుగ్లర్. అమెరికాలో ఆడవాళ్ళు డాక్టర్లు కావటమే అరుదైన రోజుల్లో, 1879లో పెన్సిల్వేనియాలోని స్త్రీల వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుంది. మన దేశంలో, మగ డాక్టరుకి చెయ్యి చూపించలేక చనిపోతున్న స్త్రీలకి వైద్యం చెయ్యాలని ఆమె కోరిక. తన లూథరన్ మిషనుని అడిగింది. అప్పటికి వైద్యపు పని మొదలుపెట్టటానికి ఆ మిషను బోర్డు సిద్ధంగా లేదు. కావాలంటే ఆడపిల్లల చదువూ, జనానా ఇళ్ళల్లో స్త్రీలకి బోధించే పనీ చేసేందుకు పంపుతామన్నారు. 

పట్టా పుచ్చుకున్న డాక్టరుకి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. నేర్చుకున్నది ఒకటి, ఇచ్చిన పని ఇంకొకటి. అలిగి ఇంట్లో కూర్చోవచ్చు. తన దేశంలోనే ఉండి డబ్బూ పేరూ సంపాదించుకోవచ్చు. ఆమె ఒప్పుకుని ఓడ ఎక్కింది. 1883 చివర్లో గుంటూరు చేరింది. ఇచ్చిన పని చేసింది. అయితే చదువుకున్న వైద్యాన్ని మర్చిపోలేదు. జబ్బుపడ్డ ఆడవాళ్ళు వెతుక్కుంటూ వస్తే కాదనలేదు. రెండేళ్ళు గడిచేసరికి, అంటే 1885లో, మిషనే ఆమెని వైద్య సేవకి నియమించింది. 1898లో ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. 1930లో కన్నుమూసేదాకా ఆమె గుంటూరు మనిషే.

ఈ కథలో నేను గమనించమనేది ఆసుపత్రిని కాదు, ఆ మొదటి రెండేళ్ళని. ముందు ఏం జరుగుతుందో అప్పుడామెకి తెలియదు కదా! బోర్డు మనసు మార్చుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. అయినా ఇచ్చిన పనిని ఏడుస్తూ చెయ్యలేదు, తనలోని డాక్టరుని చంపుకోనూ లేదు. ఓర్పు అంటే ఈ రెండూ కలిసి ఉండటం.

ఇంకొక మనిషిని తలుచుకుందాం. మనకి బాగా దగ్గరివాడు, ఎందుకంటే ఆయన జీవితం వంటింట్లోనే గడిచింది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో నికొలాస్ హెర్మన్ అనే సిపాయి గాయపడి, కాలు కుంటిదై, చివరికి పారిస్‌లోని ఒక సన్యాసుల మఠంలో చేరాడు. బ్రదర్ లారెన్స్ అని పేరు పెట్టారు. ప్రార్థనలో గడుపుదామని వచ్చిన మనిషికి మఠం పెద్దలు వంటపని అప్పగించారు. ఆయనకి స్వతహాగా వంటింటి పని అంటే పడదు. అయినా సుమారు పదిహేనేళ్ళు అదే చేశాడు. చేస్తూ చేస్తూ ఒక అలవాటు చేసుకున్నాడు. గిన్నెల చప్పుడు మధ్య, నలుగురూ నాలుగు వైపుల నుంచీ కేకలు వేస్తుండగా, మోకాళ్ళ మీద ఉన్నంత ప్రశాంతంగా దేవునితో మాట్లాడుకోవటం. 1691లో ఆయన పోయాక, ఆయన చెప్పిన మాటల్నీ ఉత్తరాల్నీ చిన్న పుస్తకంగా వేశారు. ఇన్ని వందల ఏళ్ళ తరువాత కూడా ఆ వంటవాడి పుస్తకాన్ని క్రైస్తవులు చదువుకుంటున్నారు. ఇష్టంలేని సీటులో కూర్చోపెట్టారని మనం బాధపడుతున్నప్పుడు ఆయన్ని గుర్తు తెచ్చుకోవచ్చు. పని మారకపోయినా పని చేసే మనసు మారగలదు.

ఇక బదిలీ సంగతి. కొత్త ఊరు వెళ్ళినవాళ్ళు కొందరు ఏడాది దాటినా సామాన్ల మూటలు పూర్తిగా విప్పరు. "ఎలాగూ వెళ్ళిపోతాం" అంటారు. ఇరుగుపొరుగుతో మాట కలపరు. యూదుల్ని బబులోనుకి చెరపట్టుకు పోయినప్పుడు వాళ్ళ పరిస్థితీ ఇదే. రెండేళ్ళలో అంతా చక్కబడి వెనక్కి వస్తారని తీపి మాటలు చెప్పే ప్రవక్తలు కూడా దొరికారు. యిర్మీయా అలా చెప్పలేదు. యెరూషలేము నుంచి వాళ్ళకి ఉత్తరం రాశాడు. డెబ్భై ఏళ్ళ మాట ఇది, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని దాని సారాంశం. చెరపట్టుకుపోయిన వాళ్ళ ఊరి కోసం ప్రార్థన! ఎంత కష్టమైన మాటో చూడండి. కొత్త ఊళ్ళో మూటలు విప్పటం, పెరట్లో కరివేపాకు మొక్క పెట్టటం, పక్కింటావిడ పేరు తెలుసుకోవటం - ఇవన్నీ చిన్న చిన్న విశ్వాసపు పనులే.

ఇవన్నీ వినటానికి బాగుంటాయి, చెయ్యటమెలా అంటారేమో. నాకు తోచినవి నాలుగు చెబుతాను.

మొదటిది, ఆర్డరు వచ్చిన రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకండి. రాజీనామా ఉత్తరం ఆ రాత్రి రాయకూడదు, రాయనివ్వకూడదు. పెట్టిన అన్నం తిని పడుకోవాలి. భర్త మనసు విప్పితే వినండి. "నేను ముందే చెప్పాను, మీరు ఆయన్ని కాకా పట్టలేదు" అనే మాట మాత్రం నోటిదాకా వచ్చినా మింగేయండి. మీకే ఆ కష్టం వస్తే, చెప్పుకోవటానికి ఒక్క మనిషిని ఎంచుకోండి. తల్లో, అక్కయ్యో, పాస్టరుగారి భార్యో. పదిమందికి చెబితే పదకొండో మనిషి దాన్ని ఆఫీసుకి చేరవేస్తారు.

రెండోది, ఇంటి లెక్క రాయండి. బదిలీ అయితే రెండు కాపురాల ఖర్చెంత, ఉద్యోగం పోతే చేతిలో ఉన్నది ఎన్ని నెలలు వస్తుంది, ఏ ఫీజు ఎప్పుడు కట్టాలి. అంకెలు కాగితం మీదకి వస్తే సగం భయం తగ్గుతుంది. ప్రార్థన చేసేవాళ్ళకి లెక్కలు అక్కర్లేదని ఎవరూ చెప్పలేదు.

మూడోది, పిల్లల ముందు ఆ అధికారిని తిట్టకండి. మనం రెండు నెలల్లో మర్చిపోతాం. పిల్లలు మాత్రం కష్టపడినా లాభం లేదు, లోకమంతా మోసమే అనే పాఠాన్ని జీవితాంతం మోస్తారు. జరిగింది జరిగినట్టు చెప్పండి. "నాన్నకి రావలసింది రాలేదు, బాధగా ఉంది, అయినా నాన్న రేపు టైముకే వెళతారు" అంటే చాలు.

నాలుగోది అన్నిటికంటే కష్టం. నిర్ణయం తీసుకున్న మనిషి పేరు, మన బదులు ఆ మేలు పొందిన మనిషి పేరు కుటుంబ ప్రార్థనలో తలుచుకోవాలి. శత్రువుల కోసం ప్రార్థించమన్న ప్రభువు మాటని మనం ఎక్కడో దూరదేశపు శత్రువులకి వర్తింపజేస్తాం. అసలు శత్రువు అనిపించేది పక్క టేబులు మనిషే కదా!

మా సంఘంలో ఒక నర్సమ్మగారున్నారు. పాతికేళ్ళు పైగా సర్వీసు చేశాక, తనకి రావలసిన హెడ్ నర్సు పోస్టు తనకంటే బాగా జూనియరైన అమ్మాయికి ఇచ్చారు. ఆవిడ కారణం అడుగుతూ కాగితం పెట్టారు. రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. అంతటితో అడగటం అయిపోయింది. తన చేతిలో ఉన్న స్టోరు తాళాలు ఆ అమ్మాయికి అప్పగించిన రోజు ఇంటికొచ్చి వంట చెయ్యకుండా పడుకున్నారట. మర్నాటి నుంచి ఆ అమ్మాయి పేరు పెట్టి ప్రార్థన చెయ్యటం మొదలుపెట్టారు. "మొదట్లో పేరు నోట్లోంచి వచ్చేది కాదమ్మా, 'ఆ అమ్మాయి' అనే అనేదాన్ని. పేరు పలకటానికి మూడు వారాలు పట్టింది" అని చెప్పారు. నెలాఖరున మందుల ఇండెంటు రాయటం తెలియక ఆ అమ్మాయి తికమక పడుతుంటే, డ్యూటీ అయిపోయినా ఆగి, పక్కన కూర్చుని నేర్పించారు. ఆ తరువాత ఆవిడకి ప్రమోషను వచ్చిందా అంటే, రాలేదు. స్టాఫ్ నర్సుగానే రిటైరయ్యారు. "పెన్షన్‌లో తేడా నెలనెలా తెలుస్తూనే ఉంది. కానీ ఆ వార్డులోకి ఇప్పుడు వెళ్ళినా తల దించుకోవలసిన పని లేదు, ఎవర్నీ తప్పించుకుని తిరగవలసిన పనీ లేదు" అంటారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మనం ఎప్పుడూ చివరికి గెలిచినవాళ్ళ కథలే చెప్పుకుంటాం. యోసేపు చెరసాల నుంచి ఐగుప్తు అధికారి అయ్యాడు, నిజమే. కానీ పానదాయకుల అధిపతి అతన్ని మర్చిపోయిన ఆ రెండు సంవత్సరాలు ప్రతి ఉదయమూ చెరసాలలోనే తెల్లవారింది. ఆ రెండేళ్ళలోనూ దేవుడు అతనికి తోడుగానే ఉన్నాడు. ఓర్చుకుంటే పెద్ద పదవి వస్తుందని బేరం పెట్టుకుంటే, అది రానినాడు విశ్వాసమే పోతుంది. నష్టం నష్టమే. జీతంలో తేడా, పెన్షన్‌లో తేడా, కుటుంబం రెండు ఊళ్ళపాలు కావటం - వీటిని ప్రార్థన తుడిచెయ్యదు. ఆ నష్టం మన మనసుని చేదు చెయ్యకుండా కాపాడుతుంది. ఎన్నేళ్ళ తరువాతైనా ఆ మనిషి ఎదురుపడితే, పలకరించగలిగే గుండెని ఇస్తుంది.

కాబట్టి అమ్మా, ఈసారి మీ ఇంటికి అలాంటి ఆర్డరు వస్తే, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో అడగవలసింది ఏమైనా ఉందా? ఉంటే అడగండి. ఇందులో ఒప్పుకోకూడని పాపం ఏమైనా ఉందా? ఉంటే ఎంతటివాళ్ళు చెప్పినా ఒప్పుకోకండి. ఈ రెండూ అయ్యాక మిగిలినదాన్ని ప్రభువు చేతిలో పెట్టి, మర్నాడు పొద్దున్న టైముకి క్యారేజీ కట్టి ఇవ్వండి. మీదే ఉద్యోగమైతే, మీరే కట్టుకుని బయలుదేరండి.